పండుగ పళ్లెము: జున్నుగడ్డ, ఎండుమాంసము, ఎండుచేప

గత డిసెంబరు మాసమున, క్రిస్మసు సెలవులకు కొలదిదినములు ముందు, మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు ఒక రంగుల చిత్రమును తెచ్చి మాకు చూపెను. అందొక కొయ్యపలకమీద పలురకముల జున్నుగడ్డలు, పలుచగా తరిగిన ఉప్పుమాంసము, ద్రాక్షపండ్లు, రొట్టెముక్కలు అందముగా అమర్చబడి యుండెను. పాశ్చాత్యదేశములలో పండుగనాడు భోజనమునకు ముందు అతిథుల యెదుట ఇట్టి పలకను పెట్టుదురు. "ఇది మన యిండ్లలో చేయవచ్చునాండి?" అని అతడడిగెను. మేము ప్రత్యుత్తర మిచ్చులోపల వెనుక బల్లనుండి మరియొకడు, "మా యింట ఎండుచేపలు తప్ప వేరేమియు లేవండి" అనెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. ఆ బాలుడు తల వంచుకొనెను. మా నవ్వు తప్పని మాకు సాయంకాలమునకు గాని తోచలేదు. ఏలయన ఆ చిత్రమునుగూర్చిన ప్రశ్నకు అతడు చెప్పినదే సరియైన జవాబు. ఆ సంగతిని వివరించుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట ఆ పలకమీది వస్తువు లెట్లు పుట్టినవో చూతము. పాలు ఒకపూటలో విరుగును. మాంసము ఒకదినములో కుళ్లును. రెంటియందును నీరు విస్తారముగా నుండుటయే కారణము. నీరున్నచోట సూక్ష్మజీవులు వృద్ధిపొందును. ఆ నీటిని తీసివేసినను, ఉప్పుచేత బంధించినను అవి పెరుగజాలవు. పాలలోని గట్టిభాగమును విడదీసి, ఉప్పువేసి, అదిమి, మాగనిచ్చినయెడల అది జున్నుగడ్డ యగును. మాంసమునకు ఉప్పు పట్టించి ఆరనిచ్చినయెడల అది నెలల తరబడి నిలుచును. ఇవి భోగమునకై పుట్టినవి గావు, అవసరమునకై పుట్టినవి. పదిహేడవ శతాబ్దమున పాలకొల్లులో డచ్చివారికిని, మన ఊరి చెంతనున్న మాధవాయపాలెములో ఆంగ్లేయులకును వర్తకస్థానములు ఉండెను. మన నరసాపురమున ఓడలు కట్టబడుచుండెను. ఆ కాలపు ఐరోపా నావికులకు సముద్రముమీద నిత్యాహారము పీపాలలోని ఉప్పుమాంసమును, గట్టి జున్నుగడ్డయును, ఎండురొట్టెయునే. నేడు బల్లమీద అలంకారముగా నున్నది ఆనాడు నావికుని చద్దిమూట!

అట్లయిన ఆ పలకను ఉన్నదున్నట్లు మన యింట చేయరాదా? కొనుటకు ధనమున్నవారు కొనవచ్చును గాని చేయుట కష్టము. ఐరోపాలో శీతకాలారంభమున పందితొడకు ఉప్పు పట్టించి చల్లనిగాలిలో నెలల తరబడి వ్రేలాడదీయుదురు. ఆ చలియే దానిని లోపలివరకు ఉప్పెక్కువరకు కాపాడును. మన డెల్టాలో అంతటి చలి లేదు. గాలిలో ఉప్పుతేమ యెక్కువ. మనకున్నది ఎండ. కావున మన పెద్దలు పెద్ద తొడను గాక చిన్నతునుకలను, చేపలను, రొయ్యలను ఎండలో త్వరగా ఎండబెట్టిరి. మార్గము వేరు, సూత్ర మొక్కటే.

ఇక మన పళ్లెమును సిద్ధపరచు విధము.

జున్నుగడ్డ: మనము జున్నని పిలుచునది ఈనిన ఆవు లేక గేదె ముర్రుపాలలో బెల్లము, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరిపై ఉడికించునది. ఆ పాలలోని ప్రత్యేకమైన మాంసకృత్తులు వేడికే గడ్డకట్టును గనుక దానికి పులుపుతో పనిలేదు. దూడ కడుపునిండ త్రాగినపిమ్మట మిగిలినపాలే మనవి. అయితే దావీదు యుద్ధభూమికి మోసికొనిపోయిన పది జున్నుగడ్డలనుగూర్చి సమూయేలు మొదటి గ్రంథము పదునేడవ అధ్యాయమున చదువుదుము గదా, అవి మామూలుపాలను విరిచి చేసినవి. అట్టిదానిని మన మిట్లు చేయవచ్చును. రెండు లీటర్ల గేదెపాలను పొంగువరకు కాచి, దించి, రెండు నిమ్మకాయల రసమును కొద్దికొద్దిగా పోయుచు మెల్లగా కలియబెట్టవలెను. పచ్చని నీరు విడిపోగానే పలుచని గుడ్డలో వడగట్టి, చన్నీట కడిగి, చెంచాడు ఉప్పు, దంచిన మిరియాలు కలిపి, మూటగట్టి, రోటిపొత్రమువంటి బరువుక్రింద రెండుగంటలు ఉంచవలెను. సుమారు 400 గ్రాముల గడ్డ వచ్చును. ఇందు నీరింకను మిగిలియుండును గనుక పండుగనాడే చేసి ఆనాడే తినవలెను. మిగిలినదానిని శీతలపేటికలో ఉంచి రెండుమూడు దినములలో ముగింపవలెను.

ఎండుమాంసము: దీనిని కొన్నిచోట్ల తునకలందురు. కిలో మేకమాంసమునుండి క్రొవ్వు నంతయు తీసివేయవలెను. క్రొవ్వు ఎండదు, కనరెక్కును. మాంసమును చిటికెనవ్రేలి లావున పొడుగుగా కోసి, 50 గ్రాముల ఉప్పు, చెంచాడు పసుపు, కొంచెము కారము పట్టించి, ఒకరాత్రి చల్లనిచోట ఉంచి, మరునాడు దారమునకు గ్రుచ్చి ఎండలో కట్టవలెను. ఈగలు వ్రాలకుండ పలుచని గుడ్డ కప్పవలెను. సాయంకాలమున మంచు పడకముందే లోపలికి తేవలెను. మూడునాలుగు దినములకు బరువు మూడవవంతునకు దిగి, వంచిన విరుగునంత గట్టిపడును. వడ్డించుటకు ముందు కొంతసేపు నానబెట్టి, ఉడికించి, నూనెలో వేపవలెను; పచ్చిగా పెట్టరాదు.

ఇచ్చట మా అనుభవ మొకటి చెప్పవలసియున్నది. ఒకయేడు మేము మాంసము కట్టిన మరునాడే మబ్బుపట్టెను. మూడుదినములు ఎండ రాలేదు. నాలుగవనాడు చూడగా తెల్లని బూజు పట్టి, వాసన మారియుండెను. రెండుకిలోల మాంసము! పారవేయుటకు మనసొప్పక, కడిగి వండుదమా యని ఆలోచించితిమి. మా యింటివారు మాటలాడక దానిని తీసికొనిపోయి పెరటిలో పూడ్చిపెట్టిరి. కొన్ని సూక్ష్మజీవులు విడుచు విషము ఉడికించినను నశింపదు గనుక ఆమె చేసినదే సరి. నవంబరు, డిసెంబరు మాసములు మనకు తుపానుల కాలము. ఆకాశమును చూచి పని ప్రారంభింపుడు, మబ్బున్నయెడల మానుకొనుడు.

ఎండుచేప, ఎండురొయ్య: పళ్లెమునకు ప్రాణమిదే. ఎండునెత్తళ్లకు తలలు తీసి, వేడినీట కడిగి, ఆరబెట్టి, కరకరలాడునట్లు వేపవలెను. ఎండురొయ్యలను తల, తోక గిల్లి, సన్ననిసెగపై దోరగా వేయించి, ఎండుమిర్చి, వెల్లుల్లితో దంచినయెడల పొడి యగును. జున్నుగడ్డ ముక్కను ఈ పొడిలో అద్ది తిని చూడుడు. చప్పని పాలరుచియు, సముద్రపు ఉప్పురుచియు ఒకదానినొకటి నిలువబెట్టును.

అమరిక: వెడల్పైన పళ్లెములో అరటియాకు పరచి, మధ్యను నెత్తళ్లు, చుట్టును జున్నుగడ్డ ముక్కలు, వేపిన మాంసము పెట్టవలెను. రొట్టెకు బదులు పప్పుచెక్కలు చాలును. ఉప్పునకు విరుగుడుగా పంపరపనస తొనలు, దోసకాయ, ఉసిరికాయ ఊరగాయ ఉంచవలెను. ఏటి కావలి మోరి జీడిపప్పు దొరికిన మరియు మంచిది. పళ్లెము క్రింద మన స్త్రీల చేతిపనియైన లేసుగుడ్డ పరుపవలెను. నరసాపురపు లేసు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు పొందినది గదా. మాంసము ముట్టని పొరుగువారికి జున్నుగడ్డ, పండ్లు, చెక్కలు వేరు పళ్లెములో, వేరు గరిటెతో సిద్ధపరచవలెను. అతిథి "ఇందేమున్నది?" అని అనుమానముతో అడుగవలసిన స్థితి రాకూడదు.

ఒక హెచ్చరిక. ఇది పండుగవంట గాని నిత్యాహారము గాదు. పెద్దలకు దినమునకు 5 గ్రాములకు లోపు ఉప్పే తగునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. నిలువమాంసము క్యాన్సరునకు హేతువగునని ఆ సంస్థకు చెందిన పరిశోధనాశాఖ 2015వ సంవత్సరమున నిర్ణయించెను. దినమునకు 50 గ్రాముల చొప్పున తినువారికి పెద్దప్రేగు క్యాన్సరు అపాయము 18 శాతము హెచ్చునని తెలిపెను. రక్తపుపోటు గల తాతలకు, అవ్వలకు పండ్లవైపు త్రిప్పి పళ్లెము నందింపుడు.

సెలవులు ముగిసి బడి తెరచినపిమ్మట మా తరగతిలో ఇట్టి పళ్లెమొకటి చేసితిమి. ముందుగా ఆ బాలుని పిలిచి, మేమును నవ్వుట తప్పని తరగతి యెదుట చెప్పితిమి. నెత్తళ్లు, రొయ్యలు అతని తల్లిగారు పంపిరి. చిత్రము తెచ్చిన విద్యార్థి జున్నుగడ్డ చేసి తెచ్చెను. అన్నిటికంటె ముందు ఖాళీయైనది పళ్లెపు మధ్యభాగము. ఆనాడు ఎవరును నవ్వలేదు, "ఇంక లేవా?" అని మాత్రము అడిగిరి.