దొరగారి చిత్తరువు

కుక్కకి బొమ్మ వేయించడమేమిటని నవ్వేవారు నవ్వుతారు. మొదట నవ్వినవాణ్ణి నేనే. కనక ఎవరినీ తప్పుపట్టే అర్హత నాకు లేదు.

మా దొర జాతికుక్క కాదు. రాజమండ్రిలో మా ఇంటిముందు వానలో తడుస్తూ ఏడుస్తుంటే మా నాన్నగారు తువ్వాల్లో చుట్టి లోపలికి తెచ్చారు. నల్లటి ఒళ్లు, మెడకింద తెల్లమచ్చ. “కోటు తొడుక్కుని టై కట్టుకున్న దొరలా లేడూ!” అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది. మా అమ్మకి కుక్కలంటే గిట్టదు. “వంటింటి గడప దాటాడంటే వాడూ మీరూ ఇద్దరూ వీధిలోనే” అని షరతు పెట్టింది. దొర బతికిన పదమూడేళ్లలోనూ ఆ గడప దాటలేదు. గడపకి ఇవతల ముందుకాళ్లు చాపుకుని, గిన్నెల చప్పుడు వింటూ పడుకునేవాడు.

నాన్నగారు రిటైరయ్యాక రోజూ మూడింటికి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లి ఆరింటికి వచ్చేవారు. ఆరవుతోందనగా దొర గేటుదగ్గర కూచుని వీధి మలుపుకేసి చూసేవాడు. నాన్నగారు పోయిన తరవాత కూడా నాలుగేళ్లపాటు ఆ డ్యూటీ మానలేదు. క్రిందటి సంక్రాంతి వెళ్లిన వారానికి వాడూ పోయాడు.

నేను హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. సెలవు పెట్టి వెళ్లి చూస్తే, అమ్మ అన్నం వార్చగానే ఒక ముద్ద తీసి పక్కన పెడుతోంది. తరవాత గుర్తొచ్చి దాన్ని కాకులకు వేస్తోంది. మాటలు బాగా తగ్గించేసింది. “ఏమ్మా?” అంటే “ఏముందిరా” అంటుంది.

“దొరది ఒక బొమ్మ వేయించండి” అని సలహా చెప్పింది మా ఆవిడ. అప్పుడే నేను నవ్వింది.

మా పక్కవీధిలో రిటైరయిన డ్రాయింగు మాస్టారొకరున్నారు. ఫొటో కావాలన్నారు. నా ఫోను వెతికితే నలభై దాకా దొరికాయి. కొన్నిట్లో తోకే ఉంది, కొన్నిట్లో చెదిరిన మసక. రాత్రిపూట ఫ్లాషుతో తీసిన వాటిలో కళ్లు దయ్యం కళ్లలా మెరుస్తున్నాయి. ఎలాగో ఒకటి ఏరి ఇచ్చి, “ఎడమచెవి కాస్త చిరిగి ఉంటుంది మాస్టారూ, అది సరిచేసి అందంగా వెయ్యండి” అన్నాను. “సరిచెయ్యమంటారా?” అని రెండుసార్లు అడిగారాయన. చెయ్యమన్నాను.

పదిరోజుల్లో బొమ్మ వచ్చింది. నిజంగా ముచ్చటగా ఉంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“బాగుందిరా. ఎవరి కుక్క?” అంది.

నాకు నోట మాట రాలేదు. అప్పుడు చెప్పింది. ఒక వేసవిలో అమ్మ డాబామీద వడియాలు పెడుతుంటే కోతులమంద మీదికొచ్చిందట. కర్ర కూడా అందుబాటులో లేదు. దొర మెట్లెక్కి వచ్చి అడ్డంగా దూకాడట. ఓ కోతి చెవి పట్టి చీరేసినా వదల్లేదట. “ఆ చెవి నా కోసం పోగొట్టుకున్నాడురా. నువ్వు దాన్ని అతికించేశావు” అంది.

పదమూడేళ్లలో ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను అడిగితేగదా చెప్పడానికి!

మాస్టారి దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకున్నాను. ఆయన నవ్వి, మా నాన్నగారి పాత గ్రామఫోన్ రికార్డులు ఉన్నాయా అని అడిగారు. వాటిమీద, గొట్టం ముందు తల వంచి కూచున్న కుక్క బొమ్మ మీరూ చూసే ఉంటారు. ఆ కుక్క పేరు నిప్పర్. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్లో పుట్టింది. పెంచినాయన పోతే, ఆయన సోదరుడు ఫ్రాన్సిస్ బరౌడ్ అనే చిత్రకారుడు చేరదీశాడు. అది 1895లో చచ్చిపోయింది. ఆయన దాని బొమ్మ వేసింది 1898లో. అందులో మొదట ఉన్నది ఎడిసన్ ఫోనోగ్రాఫు. గ్రామఫోన్ కంపెనీవారు తమ యంత్రం వేస్తే కొంటామంటే, 1899లో దానిమీదే గ్రామఫోను దిద్ది ఇచ్చాడు. బొమ్మకి 50 పౌన్లు, హక్కులకి 50 పౌన్లు ముట్టాయి.

“చూశారా, యంత్రం మార్చాడు గాని కుక్క తల వంపు మార్చలేదు. మారిస్తే అది నిప్పర్ అవదు” అన్నారు మాస్టారు.

మర్నాడు ఆయనే మా ఇంటికి వచ్చి అరుగుమీద కూచున్నారు. “అమ్మగారూ, ముందు ఏ చెవి నిక్కించేవాడు? ఎటు ఒత్తిగిలి పడుకునేవాడు?” అంటూ మొదలుపెట్టారు. అమ్మ గంటసేపు మాట్లాడింది. దొర గురించి మొదలై నాన్నగారి గురించి ముగిసింది. ఆయన పోయాక అమ్మ అంతసేపు మాట్లాడడం నేను వినలేదు.

నల్లకుక్కని గీయడం కష్టమట. నలుపంతా పులిమేస్తే బొగ్గుముద్దవుతుంది. వెంట్రుక ఏ దిక్కుకి పెరిగితే గీత ఆ దిక్కుకే సాగాలి. మెరుపున్నచోట కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలి. పెన్సిలు ఎంత రుద్దినా నిగనిగలాడుతుంది గనక చిక్కటి నలుపుకి బొగ్గుకడ్డీ వాడతారు. కంట్లో వెలుగుచుక్కకి చోటు మొదటినించీ కాపాడుకోవాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటివాడొకడుంటే నా అనుభవం వినండి. వాడుండగానే ఫొటోలు తీసుకోండి. మీరు కింద కూచుని, వాడి కంటి ఎత్తులో, పగటి వెలుతురులో, ఫ్లాషు లేకుండా తియ్యాలి. మచ్చలూ గాయాలూ దగ్గరగా విడిగా తియ్యండి. చిత్రకారుడికి అందం గురించి చెప్పకండి, వాడి అలవాట్లు చెప్పండి. ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం బొమ్మకి అంటకుండా మధ్య అట్ట పెట్టించండి. ఎండపడే గోడకి తగిలించకండి.

రెండో బొమ్మలో దొర మనకేసి చూడడు. పక్కకి, వీధి మలుపుకేసి చూస్తుంటాడు. చిరిగిన చెవి మనవైపుంటుంది. అమ్మ చూసి, ఏమీ అనకుండా పైటచెంగుతో అద్దం తుడిచింది. తరవాత నన్ను సుత్తీ మేకూ తెమ్మంది.

“హాల్లో నాన్నగారి ఫొటో పక్కన కొట్టనా?” అన్నాను.

“వంటింట్లో కొట్టు.”

ఆవిరికి పాడవుతుందన్నారు మాస్టారు. “పొయ్యికి దూరంగా పెట్టిస్తాను లెండి. పదమూడేళ్లు బయటే ఉంచాను” అంది అమ్మ.

మేకు నేనే కొట్టాను.