ఈ అనుబంధం నేరుగా చెత్తబుట్టలోకే!

మొన్న ఎంఎంటీఎస్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉన్నట్టుండి పకపకా నవ్వేశాను. ఎదురు సీట్లో కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన, ‘‘ఏంది బిడ్డా, గంత నవ్వుతున్నవ్?’’ అన్నాడు.

‘‘వార్తలు వింటున్నా తాతా.’’

నన్ను ఎగాదిగా చూశాడు. నిజమే, వార్తలు విని నవ్వేవాణ్ని చూస్తే ఎవరికైనా అనుమానమే.

నేను వింటున్నది ‘ది బ్యూగుల్’. 2007 అక్టోబరులో లండన్ ‘ది టైమ్స్’ పత్రిక నీడన మొదలైన వార్తల వెటకారపు పాడ్‌కాస్ట్. ‘ది డైలీ షో’ అనే అమెరికా టీవీ కార్యక్రమం కోసం న్యూయార్క్ వెళ్లిపోయిన కమెడియన్ జాన్ ఆలివర్ ఒక చివర, లండన్‌లోనే ఉండిపోయిన ఆండీ జాల్ట్స్‌మన్ మరో చివర. మధ్యలో అట్లాంటిక్ సముద్రం, పాత స్నేహం. తమది చెవులతో చదివే వార్తాపత్రిక అని వాళ్ల దబాయింపు. పత్రిక అన్నాక అనుబంధం ఉండాలి కదా! ప్రతి వారం ఒకదాన్ని ఆర్భాటంగా ప్రకటించి, ‘ఇది నేరుగా చెత్తబుట్టలోకి’ అనేస్తారు. ఆదివారం అనుబంధాలకు రాసుకుని బతికే నాబోటివాడికి ఇది కాస్త గుచ్చుకునే మాటే.

ఇటలీ బెర్లుస్కోనీ, లిబియా గడాఫీ, 2008లో కుప్పకూలిన బ్యాంకులు... సరుకుకు ఏనాడూ కరువు లేదు. కానీ నన్ను పట్టి ఉంచింది ఆ సరుకు కాదు. ఆండీ నిండు గాంభీర్యంతో పచ్చి అబద్ధాలు చెబుతాడు. లేని చరిత్ర, లేని లెక్కలు అక్కడికక్కడే పుట్టిస్తాడు. అవతల ఆలివర్ ఆపుకోలేక, ఊపిరాడక నవ్వేవాడు. స్టూడియో ప్రేక్షకుల చప్పట్ల కన్నా ఆ ఒక్క నవ్వు విలువైనది. స్నేహితుణ్ని నవ్వించి పడగొట్టాలన్న ఆండీ పంతానికి ప్రపంచ రాజకీయాలు వట్టి సాకు. (మన చానళ్ల చర్చల్లో ఎదుటివాడి మాటకు ఎవరైనా నవ్వగా చూశారా?)

జీతమిచ్చే చేతినీ వాళ్లు వదల్లేదు. 2011లో మీడియా అధిపతి మర్డోక్ పత్రిక ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ ఫోన్ల హ్యాకింగ్ బాగోతం రచ్చకెక్కింది. ‘ది టైమ్స్’ కూడా ఆయనదే. అయినా ఇద్దరూ ఆయన్ని ఉతికి ఆరేశారు. ఆ ఏడాది చివరికి ‘ది టైమ్స్’ చేయి వదిలేసింది. తర్వాత శ్రోతల చందాలే దిక్కయ్యాయి.

2014లో హెచ్‌బీవోలో సొంత షో మొదలుపెట్టిన ఆలివర్ క్రమంగా దూరమయ్యాడు. 2016లో ఆండీ కొత్త జట్టుతో మళ్లీ మొదలెట్టాడు. అందులో హరి కొండబోలు ఒకడు. న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన తెలుగింటి బిడ్డ, 2017లో ‘ది ప్రాబ్లమ్ విత్ అపు’ డాక్యుమెంటరీతో ‘ది సింప్సన్స్’ కార్టూన్‌ను దాని భారతీయ పాత్ర విషయంలో నిలదీసినవాడు. జట్టు బాగుంది. ఆ పాత నవ్వు లేకపోవడం మాత్రం నాకు ఇంకా వెలితే.

ఇంకో తమాషా. నోరు తెరిస్తే దొంగ లెక్కలు చెప్పే ఈ ఆండీయే బీబీసీ ‘టెస్ట్ మ్యాచ్ స్పెషల్’లో క్రికెట్ గణాంకాలు చెప్పే మనిషి. అక్కడ ఒక్క పరుగూ తేడా రాకూడదు!

అన్నిటికన్నా అపురూపం అతని శ్లేషల వరస. ఒకే కోవకు చెందిన పేర్లు పట్టుకుని, వాక్యానికొకటి చొప్పున ఇరికించుకుంటూ పోతాడు. ఆలివర్ మూలిగేవాడు, బతిమాలేవాడు, ఆండీ ఆగేవాడు కాదు. ఎదురు సీట్లోని తాతకు ఇదెలా చెప్పాలో తోచలేదు. ఇంగ్లిష్ శ్లేష తెలుగులోకి దిగదు. ఆయన సంచీ చూసి సొంతంగా ఒకటి అల్లాను: ‘‘ఒక దేశం వంకలు పెడుతుంది, ఇంకోటి బీరాలు పలుకుతుంది, రెండూ చిక్కుల్లో పడతాయి, జనం బెండు తీసి చివరికి దోస్తీ అంటాయి.’’

ఆయన నవ్వలేదు. సంచిలోకి చూశాడు, నన్ను చూశాడు, ‘అబ్బా’ అని మూలిగాడు. అచ్చం ఆలివర్ లాగే.

బేగంపేట వచ్చింది. లేచి, సంచి భుజానేసుకుని, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

‘‘పొట్లకాయను మర్శినవ్ బిడ్డా. పోట్లాట లేకుంటె రాజకీయమెట్లయితది?’’