‘మామూలు’కు ఏ అంకె వేయాలి?

‘మామూలు’ అనే మాట అరబీ నుండి ఉర్దూ మీదుగా మనకు చేరింది. ‘అమల్’ పుట్టిన ధాతువే దీనికీ మూలం. ఆచరణలో ఉన్నది, అలవాటైనది అని అర్థం. తెలుగులో ఈ ఒక్క మాట రెండు చోట్ల పనిచేస్తోంది. “ఎలా ఉన్నారు?” అని అడిగితే “మామూలే” అంటాము. కార్యాలయంలో గుట్టుగా చేయి మారే సొమ్మునూ “మామూలు” అనే అంటాము. అవినీతి నిరోధక విధానంపై పరిశోధన జరుగుతున్న ఒక విశ్వవిద్యాలయ విభాగంలో సహాయకులుగా చేరిన మా ఇద్దరికీ మొదటి వారంలోనే ఈ మాట అడ్డుపడింది.

మా ఉద్యోగం గురించి విన్న బంధువులు, ఏసీబీ వారిలా మేము కూడా రసాయనం పూసిన నోట్లతో వల పన్నుతామనుకున్నారు. “మా పాసుపుస్తకం పని ఆగిపోయింది, కాస్త చూడండి” అన్నవారూ ఉన్నారు. నిజానికి మా పని చాలావరకు కుర్చీలో కూర్చుని చేసేదే. చట్టాలు, తీర్పులు చదివి సారాంశం రాయాలి. ప్రశ్నావళి తయారుచేయాలి. ప్రజలతో జరిపిన సంభాషణల రికార్డులను విని అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టాలి. తరువాత ఒక్కొక్క జవాబుకు అంకె వేయాలి: లంచమైతే 1, కాకపోతే 0. ఇద్దరమూ విడివిడిగా వేసి, ఆ తరువాత పోల్చి చూసుకోవాలి. ఇద్దరి అంకెలూ కలవని చోటే అసలు పని మొదలవుతుంది.

జనం ‘లంచం’ అనే మాట దాదాపుగా వాడరు. చాయ్ ఖర్చు అంటారు, చేయి తడపడం అంటారు. ఒకాయన, తన పింఛను మంజూరైన తరువాత ఆ ఉద్యోగి ఇంటికి మిఠాయి పెట్టె, బట్టలు తీసుకువెళ్ళానని చెప్పాడు. “ఆయన అడగలేదు, నేనే సంతోషంగా ఇచ్చాను” అన్నాడు. మాలో ఒకరు 0 వేశారు, మరొకరు 1 వేశారు. రెండు రోజులు వాదించుకున్నాము.

మూడవ రోజు ఇద్దరికీ చిన్నప్పుడు ఇంట్లో విన్న ఒక సంఘటన గుర్తుకు వచ్చింది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నదే. జకాత్ వసూలుకు వెళ్ళి వచ్చిన ఇబ్నుల్ లుత్బియ్యా అనే వ్యక్తి, కొంత సొమ్మును అప్పగించి, మిగిలినది తనకు కానుకగా వచ్చిందన్నాడు. దైవప్రవక్త (స) మింబర్ ఎక్కి అందరి ముందూ వేసిన ప్రశ్న ఈ భావంతో ఉంది: అతను తన తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా? మేము అంకెల సూచికలో ఒక వాక్యం రాసుకున్నాము: “ఆ పదవిలో లేకుంటే ఈ వస్తువు ఆ ఇంటికి వచ్చేదా?” మా ఆచార్యులు ముస్లిం కారు. చదివి, ఇదే సరైన కొలబద్ద అన్నారు. ఎక్కడిదని అడిగితే చెప్పాము. మిఠాయి పెట్టెకు 1 పడింది.

ఇచ్చినవాని సంగతి ఇంకా చిక్కు. లంచం తీసుకున్నవానితో పాటు ఇచ్చినవానినీ దైవప్రవక్త (స) శపించారని హదీసు ఉంది. అయితే మరో దారి లేక, తన న్యాయమైన హక్కు కోసం ఇచ్చుకున్న బాధితుని విషయంలో పాపం తీసుకున్నవానిదేనని చాలామంది ధర్మవేత్తలు చెప్పారు. మన దేశ చట్టం కూడా ఈ తేడాను తనదైన రీతిలో పాటిస్తుంది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. దాని ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే, ఏడేళ్ళ వరకు జైలు పడవచ్చు. బలవంతం మీద ఇచ్చినవారు ఏడు రోజుల్లోగా అధికారులకు తెలియజేస్తే ఆ శిక్ష వర్తించదు.

ఏడు రోజులు! మేము కలిసిన ఒక వితంతువుకు ఈ గడువు ఉన్నదనే తెలియదు. ఆమె చెబుతూ చెబుతూ హఠాత్తుగా ఆగి, “నా పేరు రాస్తున్నవా బిడ్డా?” అని అడిగింది. మా ప్రశ్నకు జవాబు చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమేనని మాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. పత్రాల మీద పేరు, వీధి రాయము, సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆమెకు ఆ కాగితం చూపించాము. తెలంగాణలో ఏసీబీకి 1064 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చునని చెప్పాము. ఆమె చేసిందో లేదో తెలుసుకునే వీలు మాకు లేదు.

తనిఖీలు పెంచితే అవినీతి పోతుందా? ఇండోనేషియాలో 608 గ్రామాల రోడ్ల మీద బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త దీన్ని పరీక్షించాడు. ఇంజనీర్లు రోడ్లను తవ్వి, వాడిన సామగ్రిని కొలిచారు. తనిఖీ తప్పదని ముందే చెప్పిన గ్రామాల్లో, మాయమయ్యే ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. కానీ పనుల్లో సొంత బంధువులను పెట్టుకోవడం పెరిగింది! మనం బంధుప్రేమ అని ముద్దుగా పిలుచుకునేది అక్కడి పట్టికలో ఒక వరుస. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు జరిపిన సామాజిక తనిఖీ దేశానికే ఆదర్శమని పేరు పొందింది. ఊరి వారే లెక్కలు చదివించుకుని నిలదీశారు. దాన్ని అధ్యయనం చేసినవారికి కూడా ఇలాంటిదే కనిపించింది. కూలి పద్దుల్లో తేలికగా దొరికే అక్రమాలు కొంత తగ్గితే, పట్టుకోవడం కష్టమైన సామగ్రి పద్దుల్లో పెరిగాయి. నీరు పల్లమెరుగు అన్నట్టు, సొమ్ము కూడా కన్ను పడని చోటు వెతుక్కుంటుంది.

ఆ చోటు మా గదిలోనే ఉంది. గ్రామాలకు వెళ్ళివచ్చిన ఖర్చుల బిల్లు పెట్టబోతే, లెక్కల విభాగంలోని వ్యక్తి చనువుగా ఇలా అన్నాడు: “బస్సు టికెట్లు ఎందుకు? టాక్సీ బిల్లు తెచ్చి పెట్టండి. అందరూ చేసేదే, మామూలే.” అప్పటికి మూడు నెలలుగా మాకు వేతనం రాలేదు. మాలో ఒకరి ఇంటి అద్దె బాకీ పడింది. ఆ సాయంత్రం ఇద్దరి అంకెలూ మళ్ళీ కలవలేదు. హక్కుగా రావలసిన వేతనమే ఆపినవారి దగ్గర ఆ మేరకు తీసుకుంటే తప్పేమిటని ఒకరు వాదించారు. అది టాక్సీ ఎక్కని ప్రయాణమని మరొకరు అన్నారు. ఇషా అజాన్ వినిపించే వరకు మాటలు సాగాయి.

మరునాడు బస్సు టికెట్లనే కాగితానికి అంటించి ఇచ్చాము. మూడు టికెట్లు ఎక్కడో జారిపోయాయి, వాటి డబ్బు రాలేదు. మిగిలినది నాలుగు నెలల తరువాత వచ్చింది.