బిడ్డ ఒంటికి, రెంటికి చెప్పే వయసు

జూన్ నెల దగ్గర పడుతోందంటే మా వైపు తల్లులు నన్ను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "ఆపా, మా బాబుకు రెండున్నర నిండాయి. బడిలో వేద్దామంటే ఒంటికి, రెంటికి చెప్పే పిల్లల్నే చేర్చుకుంటామంటున్నారు. వీడేమో నిక్కరులోనే కానిచ్చేస్తున్నాడు. నెల రోజుల్లో నేర్పే ఉపాయం చెప్పండి." ఆరోగ్య కార్యకర్తగా కోడూరు నుంచి పాలకాయతిప్ప దాకా తిరిగిన రోజుల్లో విన్న ప్రశ్నే ఇది. ఉద్యోగ విరమణ చేశాక ఇప్పుడు మా వీధిలోనూ వింటున్నాను.

బడి తెరిచే తేదీ చూసి నేర్పే పని కాదిది. మూత్రాన్ని, మలాన్ని ఆపుకునే కండరాల మీద బిడ్డకు పట్టు రావాలి. సాధారణంగా ఏడాదిన్నర దాటాకే అది మొదలవుతుంది. పగటిపూట చెప్పడం చాలామందికి రెండు, మూడేళ్ళ మధ్య కుదురుతుంది. కొందరికి మూడు దాటుతుంది, అదీ తప్పేమీ కాదు.

సమయం వచ్చిందని బిడ్డే తెలియజేస్తుంది, మనం చూడాలంతే. రెండు గంటలసేపు గుడ్డ తడపకుండా ఉంటుంది. మధ్యాహ్నం నిద్ర లేచాక పక్క పొడిగా ఉంటుంది. దొడ్డికి వచ్చేముందు తలుపు చాటుకో, మంచం పక్కకో వెళ్ళి మూలుగుతుంది. తడిసిన నిక్కరు పట్టి లాగుతుంది. "ఆ గ్లాసు తీసుకురా" అంటే తెస్తుంది. వీటిలో మూడు నాలుగు కనబడితే మొదలుపెట్టవచ్చు. అమెరికాలో పిల్లల వైద్యుడు బెర్రీ బ్రేజల్టన్ 1962లో 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. బిడ్డ సుముఖత చూసి, బలవంతం లేకుండా నేర్పితే, పగటి అలవాటు సగటున ఇరవై ఎనిమిదిన్నర నెలలకు కుదిరిందని ఆయన లెక్క.

మా దాదీ ఈ మాట వింటే నవ్వేది. మూడో నెల నుంచే బిడ్డను పాదాల మీద కూర్చోబెట్టుకుని "ఉస్స్" అంటూ పని కానిచ్చేసిన మనిషి ఆమె. ఆమె పద్ధతిలో తప్పేమీ లేదు. తూర్పు ఆఫ్రికాలోని డిగో ప్రజలు కూడా తొలి వారాల నుంచే ఇలా అలవాటు చేస్తారని 1977లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. అయితే అక్కడ వేళ కనిపెట్టేది బిడ్డ కాదు, పెద్దమనిషి. పాలు తాగిన ఎంతసేపటికి, ముఖం ఎలా పెడితే ఏమిటో ఆమెకు తెలుసు. రోజంతా బిడ్డను ఒళ్ళో పెట్టుకునే మనిషి ఉన్న ఇంట్లో నడిచే పద్ధతి అది. ఇప్పుడు తల్లి రొయ్యల షెడ్డుకో, మిషను కుట్టడానికో వెళుతుంది, నానీ ఇంకో ఊళ్ళో ఉంటుంది.

ఆ ఖాళీలోకి డైపరు వచ్చింది. ప్రయాణానికి, రాత్రికి వాడుకుంటే వాడుకోండి. పగలంతా వేసి ఉంచితే మాత్రం తడి తగలదు, పోశానన్న సంగతే బిడ్డకు తెలియదు. పాత లంగోటీకి ఉన్న గుణం అదే, తడవగానే చిరాకు పుట్టించేది. బట్టలు నాపాకీ అయితే నమాజుకు ఇబ్బందని కొందరు తల్లులు డైపరు తీయరు. వాళ్ళ బాధ నాకు తెలుసు. నమాజుకు ఒక జత విడిగా, బిడ్డకు అందని కొక్కేనికి వేసి ఉంచుకోమంటాను.

మొదలుపెట్టే వారం కూడా చూసుకోవాలి. బాబుకు సున్తీ చేయించిన రోజుల్లో వద్దు. ఇంట్లో మరో బిడ్డ పుట్టినప్పుడు వద్దు. రంజాను నెలలో సహరీకి లేచి తల్లి అలసిపోయి ఉంటుంది, పండుగ వెళ్ళాక చూసుకోవచ్చు.

తిండి కడుపులో పడగానే పెద్దపేగు కదులుతుంది. అందుకని పొద్దున టిఫిను తిన్న పావుగంటకు కూర్చోబెట్టండి. అయిదు నిమిషాలు చాలు, రాకపోతే లేపేయండి. మన నేల దొడ్డిలో ఆ గుంత చూసి పసివాళ్ళు పడిపోతామని భయపడతారు. కాళ్ళు కూడా అంత ఎడంగా పెట్టలేరు. చిన్న ప్లాస్టిక్ కుండీ సీటు కొని, పాదాలు నేలకు ఆనేట్టు కూర్చోబెడితే భయం ఉండదు. మగపిల్లలకు కూడా మొదట కూర్చునే అలవాటు చేయండి. నాడా, గుండీలు లేని ఎలాస్టిక్ నిక్కరు వేయండి. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. తల్లి ఉచ్చ అని, దాదీ సుస్సూ అని, మేనత్త ఇంకేదో అంటే వాడేం చెబుతాడు? కడిగేటప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ముందు నుంచి వెనక్కి కడగాలి. నిక్కరులో చేసుకుంటే మార్చేసి ఊరుకోండి, పంచాయితీ పెట్టకండి.

ఈ చివరి మాట నేను మా ఇంట్లోనే నేర్చుకున్నాను. మా చిన్నవాడికి రెండేళ్ళప్పుడు చుట్టాల ముందు నిక్కరు పాడుచేసుకున్నాడని నాలుగు తగిలించాను. ఊరందరికీ చెప్పే మనిషిని, నా కొడుకే ఇలా చేశాడేమిటని నామోషీ. ఆ తర్వాత నాలుగు రోజులు వాడు దొడ్డికి వెళ్ళలేదు. బీరువా పక్కన మునివేళ్ళ మీద నిలబడి, కాళ్ళు మెలివేసుకుని, ముఖం ఎర్రబడేలా బిగబట్టేవాడు. ముక్కుతున్నాడనుకున్నాం గానీ, నిజానికి ఆపుకుంటున్నాడు. ఆపుకునేకొద్దీ మలం గట్టిపడుతుంది. గట్టిగా వస్తే నొప్పి, నొప్పి తెలిసినవాడు మళ్ళీ ఆపుకుంటాడు. అలా సాగిన పేగుకు వచ్చే కబురు కూడా సరిగా తెలియదు. గట్టిమలం పక్కనుంచి నీళ్ళలాంటిది నిక్కరులోకి కారితే, విరేచనాలనుకుని కట్టుబడే మందు పోస్తారు. అది ఇంకా ప్రమాదం. సబ్బు ముక్క పెట్టడం కూడా మానుకోవాలి.

మేం నేర్పడం పూర్తిగా ఆపేశాం. నీళ్ళు, జామపండు, బొప్పాయి, ఆకుకూర పెంచి, అస్తమానం ఇచ్చే పాలు తగ్గించాం. డాక్టరు గారు మలం మెత్తబడే మందు రాశారు. వాడి భయం పోవడానికి మూడు నెలలు పట్టింది. మలంలో రక్తం పడినా, పోసేటప్పుడు ఏడ్చినా, జ్వరం వచ్చినా, నాలుగేళ్ళు నిండినా పగలు చెప్పకపోయినా, ఆరు నెలలు బాగా ఉండి మళ్ళీ మొదలైనా డాక్టరుకు చూపించండి. రాత్రి పక్క తడపడం వేరు. అయిదేళ్ళ లోపు అది జబ్బు కాదు, తిట్టి లాభం లేదు.

రెండున్నర ఏళ్ళ బాబు తల్లికి నేను చెప్పింది, బడివాళ్ళతో మాట్లాడి సంచిలో రెండు నిక్కర్లు పెట్టి పంపమని. వాళ్ళు కాదంటే మూడు నిండాక అంగన్‌వాడీ ఉంది.

ఇంకొక్క సంగతి. పసిపిల్లల దొడ్డికి దోషం లేదని మన వైపు పెరట్లోనో, కాలవలోనో విసిరేస్తారు. విరేచనాలు, పోలియో తెచ్చే క్రిములు పిల్లల మలంలోనూ ఉంటాయి. మన రాష్ట్రంలో 2016 నుంచి పసివాళ్ళకు ఇస్తున్న రోటా చుక్కలు అలాంటి ఒక క్రిమి కోసమే. మనది డెల్టా. ఈ ఊరి కాలవ నీళ్ళే కింది ఊరి రేవులో గిన్నెలు తోముతాయి. పాలకాయతిప్ప వైపు అయితే ఒక పక్క సముద్రం, ఒక పక్క కృష్ణ, వానాకాలంలో రెండు అడుగులు తవ్వితే నీళ్ళు. అక్కడ పెరట్లో వేసింది పెరట్లోనే ఉండిపోదు. కుండీలోది, కుండీ కడిగిన నీళ్ళు కూడా మరుగుదొడ్డిలోనే పోయండి. డైపరులోని మలాన్ని అందులో దులిపి, డైపరును కాగితంలో చుట్టి చెత్తబండికి ఇవ్వండి. దొడ్డి గుంతలో వేస్తే పైపు మూసుకుపోతుంది. ఆ తర్వాత సబ్బుతో మీ చేతులు, బిడ్డ చేతులు కలిపి కడగండి. బిడ్డకు ఆ నురగంటే ఇష్టం. కుండీ మీద కూర్చోనని మారాం చేసే మా మనవరాలు చేతులు కడుక్కోవడానికి మాత్రం పరిగెత్తుకొస్తుంది.