ఆటయంత్రము మొరాయించినపుడు

మైపాడు, కృష్ణపట్నము, తుమ్మలపెంట ప్రాంతములలో నేడు పిల్లలున్న కొన్ని యిండ్లలో టెలివిజన్‌కు తగిలించి ఆడు వీడియో గేమ్ యంత్రము కనబడుచున్నది. సెలవునాడు పిల్లలు ఉత్సాహముతో డిస్కు పెట్టి కూర్చుందురు. ఆటకు బదులు, డిస్కు చదువబడలేదనియో, అప్‌డేట్ విఫలమైనదనియో తెరపై ఒక వాక్యము ప్రత్యక్షమగును. వెంటనే ఎవరో ఒకరు, అంతయు చెరిపి మొదటినుండి పెట్టుమని సలహా యిత్తురు. ఆ సలహా పాటించినచో, పిల్లవాడు ఏడాది పొడుగున ఆడి దాచుకొన్నది క్షణములో పోవును. రోగమేదో తెలియక మందు వేయరాదు గదా!

మొదట దోషమెక్కడనున్నదో తేల్చుకొనవలెను. ఒక్క డిస్కు ఆడక తక్కినవి ఆడినచో తప్పు ఆ డిస్కుది. ఏ డిస్కును ఆడనిచో, దానిని చదువు కటకమునో మోటారునో అనుమానింపవలెను. డిస్కు అక్కరలేని ఆటలు సైతము ఆగిపోవుచున్నచో లోపము సాఫ్ట్‌వేరులోనో హార్డ్‌డిస్కులోనో ఉండవచ్చును.

2013లో వెలువడిన ప్లేస్టేషన్ 4 యంత్రమును ఉదాహరణగా తీసికొందము. దీని ఆటలు బ్లూ-రే డిస్కులపై వచ్చును. వానిని 405 నానోమీటర్ల ఊదారంగు లేజరు కిరణము చదువును. డి.వి.డి.లో సమాచారపు పొర 0.6 మిల్లీమీటరు లోతున నుండగా, బ్లూ-రేలో 0.1 మిల్లీమీటరు లోతుననే యుండును. కావున వ్రేలిముద్ర యైనను, ఉప్పుపొర యైనను దీనికి పెద్ద అడ్డంకియే.

డిస్కుపై సమాచారము మురుకు చుట్టవలె నడిమినుండి అంచువరకు సాగును. గీత అడ్డముగా పడినచో ఒక్కొక్క చుట్టులో కొంచెమే పోవును; దానిని యంత్రము దోషసవరణ సంకేతముల సాయమున పూరించుకొనగలదు. గీత చుట్టు వెంబడి పడినచో పోయినదంతయు ఒకేచోట పోవును, పూరించుట కష్టము. అందుచేతనే మెత్తని పొడిబట్టతో నడిమినుండి అంచునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా రుద్దరాదు. థిన్నరు, కిరోసిను, టూత్‌పేస్టు పనికిరావు.

తీరవాసులకు మరియొక జాగ్రత్త. గాలిలోని ఉప్పు తేమను పట్టి యుంచి లోహపు అతుకులను తినివేయును. యంత్రమును సముద్రపుగాలి కొట్టు కిటికీ ప్రక్క ఉంచరాదు. ఎ.సి. గదిలో చల్లబడిన దానిని ఉక్కగానున్న వసారాలోనికి తెచ్చినచో కటకముపై నీటిచెమ్మ పట్టును. అపుడు డిస్కు తీసివేసి, చెమ్మ ఆరువరకు కొన్ని గంటలు ఆగవలెను.

ఇక అప్‌డేట్ మాట. డిస్కు అచ్చయిన పిదప కనుగొన్న తప్పులను దిద్దుటకు ఇది అవసరము. దీనిలో రెండు దశలు: ఫైలు దిగుట, యంత్రములో స్థిరపడుట. మొదటి దశలో నెట్ తెగినచో మరల ప్రయత్నింపవచ్చును. రెండవ దశలో కరెంటు పోవుటయే ప్రమాదము. 2021 నవంబరు నాటి పెన్న వరదలను చూచినవారికి మన వానకాలపు సంగతి చెప్పనక్కరలేదు. ఉరుములు వినబడునపుడు అప్‌డేట్ మొదలుపెట్టకుడు, యు.పి.ఎస్. ఉన్నచో యంత్రమును దానికి తగిలింపుడు.

అయినను మధ్యలో ఆగినచో అధైర్యపడనక్కరలేదు. యంత్రమును పూర్తిగా ఆపి, పవరు బటనును రెండవ బీప్ శబ్దము వినబడువరకు, అనగా సుమారు 7 సెకండ్లు, నొక్కి పట్టుడు. సేఫ్ మోడ్ పట్టిక కనబడును. కంట్రోలరును యు.ఎస్.బి. తీగతో కలుపుడు. 3వ అంశము అప్‌డేట్‌ను మరల నెక్కించును. నెట్ లేనిచో, కంపెనీ వెబ్‌సైటునుండి పెన్‌డ్రైవులోనికి దింపిన ఫైలుతోను ఈ పని జరుగును. 5వ అంశము డేటాబేసును తిరిగి కూర్చును. ఆటలను చెరుపుట దాని పని కాదు. 6, 7 అంశములు మాత్రము సర్వమును తుడిచివేయును. వానిని చిట్టచివరకే ముట్టవలెను.

యంత్రము బాగుగానున్న దినముననే, దాచుకొన్న ఆటలకు పెన్‌డ్రైవులో ఒక నకలు తీసి యుంచుడు. కొత్త యంత్రమును అంగడిలో కొనవచ్చును. పిల్లవాడు గెలిచి దాచుకొన్నది ఏ అంగడిలోను దొరకదు.