తెలుగుతీరాన డచ్చి ముద్రలు

పాత సైనిక దుస్తులను, వాటి మీది హోదా చిహ్నాలను సేకరించడం ఐరోపాలో వేళ్లూనిన అభిరుచే అయినా, తెలుగుతీరంలో రెండు శతాబ్దాలకు పైగా మసలిన డచ్చివారి విషయంలో సేకర్తకు మొదట ఎదురయ్యేది వెలితే. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నం, పులికాట్, భీమునిపట్నం వంటి స్థావరాల రక్షణకు సైనికులను పోషించింది గాని, 17వ శతాబ్దంలో వారందరూ ఒకే రంగు కోటు తొడగాలన్న నియమం లేదు. పైగా బట్టల ఖరీదు జీతంలోంచే తెగేది గనుక అవి చిరిగేదాకా ఒంటిమీదే ఉండేవి. ఆ పైన మిగిలినదాన్ని ఉప్పుగాలి, చెదలు తినేశాయి.

అందువల్ల ఇక్కడ మిగిలినవి లోహమూ రాయీ మాత్రమే. కంపెనీ ముద్రలో పెద్ద 'వి' అక్షరపు రెండు కాళ్ల మీద 'ఓ', 'సి' అక్షరాలు ఎక్కి కూర్చుంటాయి. డచ్చి రాష్ట్రాలు 18వ శతాబ్దంలో కంపెనీ కోసం ముద్రించిన 'డ్యూట్' అనే రాగి నాణేనికి ఒకవైపు ఈ ముద్రా, సంవత్సరమూ, రెండోవైపు ఆ నాణేన్ని ముద్రించిన రాష్ట్రపు డాలూ కనిపిస్తాయి. హాలండు నాణెమైతే ఆ డాలు మీద సింహం ఉంటుంది. మచిలీపట్నం బందరుకోటలోని సమాధి ఫలకాలు ఇంతకన్నా విలువైనవి. నల్లరాతి మీద డాలు, దానిపై శిరస్త్రాణం, చుట్టూ ఆకుల తీగలుగా చెక్కిన వంశచిహ్నాల కింద మృతుని హోదా డచ్చి భాషలో ఉంటుంది. 'ఒప్పర్‌కూప్‌మన్', అనగా పెద్ద వర్తకుడు, అన్న పదవి ఆ కాలపు భుజపట్టీ వంటిదే.

చిహ్నం తన చోటినుంచి ఊడి వస్తే సగం మూగదవుతుంది. బళ్లారి పక్కనున్న సంగనకల్లు ప్రాంతంలోనూ దక్షిణ భారతంలో మరెన్నో చోట్లా రాతి పనిముట్లను పోగుచేసిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, అవి దొరికిన చోట్లను రాసిపెట్టినందువల్లనే, 1904లో మద్రాసు మ్యూజియానికి చేరిన ఆయన సేకరణ నేటికీ పరిశోధకులకు పనికొస్తోంది. సంతలో చేతులు మారిన డచ్చి నాణేనికి ఆ భాగ్యం లేదు. చట్టమూ వస్తువును దాని చోటినుంచి విడదీయకపోవడం వైపే ఉంది. భూమిలో దాగి దొరికిన పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపాన్ని 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడాన్ని 1972 నాటి చట్టం నిషేధిస్తుంది.

నిజంగా కోటూ టోపీయే కావాలనుకునేవారు 20వ శతాబ్దానికి రావలసిందే. 1950లో రద్దయిన డచ్చి ఈస్టిండీస్ (నేటి ఇండోనేషియా) రాజసైన్యపు ఆకుపచ్చ దుస్తులు, 1912 తరువాత డచ్చివారి స్వదేశ సైన్యం తొడిగిన బూడిదరంగు కోట్లు, సింహం బిళ్ల బిగించిన 1934 నమూనా ఉక్కు టోపీ వంటివి అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. పాత టోపీకి కొత్త బిళ్ల తగిలించి అమ్మేవారూ ఉంటారు గనుక, అనుభవజ్ఞులు బిళ్లను చూసి మురిసిపోకుండా టోపీని తిరగేసి, లోపలి తోలుపట్టీని, రివెట్ల చుట్టూ పట్టిన తుప్పును పరిశీలిస్తారు.