చార్లీ వాళ్లమ్మ

1898 ఆగస్టు. లండన్‌లోని కెన్నింగ్టన్‌ పార్కు. బెంచీ మీద ఓ తల్లి, ఇద్దరు కొడుకులు కూర్చుని నల్ల చెర్రీపళ్లు తింటున్నారు. పెద్దాడికి 13 ఏళ్లు, చిన్నాడికి 9. పెద్దాడి జేబులో ఉన్న 9 పెన్నీలే ఆ రోజుకి వాళ్ల ఆస్తి. పాత పేపరుని ఉండ చుట్టి, దారం కట్టి బంతాట ఆడారు. మధ్యాహ్నం ఓ చిన్న హోటల్లో ఒక బన్ను, ఒక చేప, రెండు కప్పుల టీ తీసుకుని ముగ్గురూ పంచుకున్నారు. మళ్లీ పార్కుకొచ్చి అమ్మ అల్లిక పని పట్టుకుంది. పిల్లలు ఆడుకున్నారు. పొద్దు వాలుతుండగా ముగ్గురూ లేచి బయల్దేరారు... ఇంటికి కాదు, వర్క్‌హౌస్‌కి!

వర్క్‌హౌస్‌ అంటే ఏ దిక్కూ లేనివాళ్లను చేర్చుకుని, కూడు పెట్టి చాకిరీ చేయించుకునే చోటు. తల్లి అక్కడుంటే పిల్లల్ని దూరంగా ఓ బడిలో పెట్టారు. వాళ్లని చూడాలంటే ఆమెకు ఒకటే దారి కనిపించింది... ‘మేం ముగ్గురం వెళ్లిపోతున్నాం’ అని అర్జీ పెట్టుకోవడం. పెట్టుకుంది. పిల్లల్ని గేటు దగ్గరికి రప్పించుకుంది. ఆ ఒక్కరోజూ కళ్లారా చూసుకుని సాయంత్రానికి మళ్లీ వెళ్లి చేరిపోయింది. వాళ్ల బట్టలకు మళ్లీ ఆవిరి పట్టాలి, కాగితాలన్నీ మళ్లీ రాయాలి. సిబ్బంది మండిపడ్డారట. పడరూ మరి!

ఆ చిన్నాడే చార్లీ చాప్లిన్‌. ఆ తల్లి పేరు హన్నా. జబ్బుతోనే పిల్లల్ని పెంచిన హన్నా, చివరి ఏడేళ్లూ పరాయి దేశంలో బతికింది. చాప్లిన్‌ 1964లో అచ్చయిన ఆత్మకథలో ఎందరో గొప్పవాళ్ల గురించి రాశాడు. చదివాక మాత్రం మనకి ఎక్కువగా గుర్తుండేది వాళ్లమ్మే.

గొంతు మొరాయించిన రోజు

హన్నా 1865లో ఓ చెప్పులు కుట్టే ఆయన ఇంట్లో పుట్టింది. లిలీ హార్లీ అన్న పేరుతో స్టేజీ ఎక్కి పాటలు పాడేది. భర్త కూడా గాయకుడే. తాగుడుకి బానిసై 38 ఏళ్లకే, 1901లో కన్నుమూశాడు. అంతకు చాలా ముందే భార్యాబిడ్డల్ని వదిలేశాడు.

1894లో ఆల్డర్‌షాట్‌లో సైనికుల ముందు పాడుతుంటే హన్నా గొంతు చిట్లిపోయింది. జనం గోల చేశారు. దిక్కుతోచని మేనేజరు పక్కనే ఉన్న అయిదేళ్ల చార్లీని స్టేజీ మీదకి తోశాడు. వాడు పాడుతుంటే డబ్బులు విసిరారు. పాట ఆపేసి చిల్లర ఏరుకున్నాడు. మేనేజరు సాయంగా రుమాల్లోకి ఏరిస్తే, ఎక్కడ కాజేస్తాడోనని ఆయన వెంటే పరిగెత్తి, ఆ డబ్బు అమ్మ చేతిలో పడ్డాకే తిరిగొచ్చాడు. హాలంతా ఒకటే నవ్వు! కొడుకు స్టేజీ ఎక్కడం అదే మొదలు. తల్లికి అదే ఆఖరు.

వారానికి 54 బ్లౌజులు

తర్వాత ఆమెకు దిక్కు కుట్టుమిషనే. బ్లౌజుకి ఒకటిన్నర పెన్నీ. రాత్రనక పగలనక కుడితే ఒక వారంలో ఆమె అత్యధికంగా కుట్టగలిగింది 54. దానికి వచ్చింది 6 షిల్లింగుల 9 పెన్నీలు. వాటితోనే అద్దె, తిండి, బొగ్గులు. దానికి తోడు భయంకరమైన పార్శ్వపు నొప్పి. రోజుల తరబడి చీకటిగదిలో, కళ్ల మీద తేయాకు కట్టు వేసుకుని పడుకునేది. వాయిదాలు కట్టకపోతే కంపెనీవాళ్లు వచ్చి మిషను పట్టుకుపోయారు. వర్క్‌హౌస్‌కి వెళ్లింది అలాగే.

నొప్పి తగ్గిందంటే మాత్రం ఆ ఇల్లు ఇల్లే కాదు, థియేటర్‌! కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయేవాళ్లను అచ్చంగా దించేసేది. ఎవరైనా మాసిన బూట్లతో కాళ్లీడ్చుకుంటూ వెళ్తుంటే, ఇంట్లో పోట్లాడి ఏమీ తినకుండా వచ్చినట్టున్నాడని చెప్పేదట. మనుషుల్ని గమనించడం ఆమె దగ్గరే నేర్చుకున్నానని చాప్లిన్‌ చెప్పుకున్నాడు. ప్రపంచమంతా నవ్వుకున్న ఆ నటనకి మొదటి బడి ఆ అద్దె కొంప కిటికీ! (1992లో వచ్చిన ‘చాప్లిన్‌’ సినిమాలో హన్నాగా నటించింది ఎవరో తెలుసా? ఆమె మనవరాలు, చార్లీ కూతురు జెరాల్డిన్‌.)

ఇంటింటికీ బొగ్గు ముక్కలు

మతి తప్పడం 1898లోనే ఒకసారి జరిగింది. కోలుకుంది. 1903 మేలో మళ్లీ. పెద్దకొడుకు సిడ్నీ ఓడలో పనికి వెళ్లాడు. 14 ఏళ్ల చార్లీ ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర పిల్లలు చెప్పారు, మీ అమ్మకి పిచ్చెక్కిందని. ఆమె చేసిందేమిటంటే, ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి బొగ్గు ముక్కలు పంచింది. పిల్లల పుట్టినరోజు కానుకలట అవి! చార్లీ ఆమెను నడిపించుకుంటూ ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నీరసంతో తూలుతుంటే దారిలో జనం తాగిందనుకున్నారు.

సరైన తిండి లేకే ఆమె మెదడు దెబ్బతిందని డాక్టర్‌ చెప్పాడు. లండన్‌ శివార్లలోని కేన్‌హిల్‌ పిచ్చాసుపత్రికి పంపారు. కొడుకులు చూడటానికి వెళ్తే, ఆ రోజు మధ్యాహ్నం కాస్త టీ ఇచ్చుంటే తనకేమీ అయ్యేది కాదని చార్లీతో అంది. నిష్ఠూరమో, పిచ్చిమాటో! ఆ మాట చాప్లిన్‌ని జీవితాంతం వెంటాడింది.

1904లో ఇంటికొచ్చింది. 1905 మార్చిలో జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఆ తర్వాత పదహారేళ్లు ఆసుపత్రుల్లోనే. కొడుకులు నిలదొక్కుకున్నాక పెక్‌హామ్‌లోని ప్రైవేటు ఆసుపత్రికి మార్చి ఖర్చు భరించారు.

ఏడాదికోసారి పొడిగింపు

1916లో చాప్లిన్‌ ఏడాది సంపాదన 6,70,000 డాలర్లు. అమ్మని అమెరికా తెచ్చుకుందామంటే ఒకపక్క యుద్ధం, మరోపక్క చట్టం. ఒక్కసారైనా మతిభ్రమణం వచ్చినవాళ్లను దేశంలోకి రానివ్వకూడదని అమెరికా 1917లో చట్టం చేసింది. చివరికి 1919లో అంతా సిద్ధమయ్యాక ఈసారి చాప్లినే వెనక్కి తగ్గాడు. అమ్మ కళ్లముందుంటే తన పని దెబ్బతింటుందేమోనని భయంగా ఉందంటూ అన్నకి టెలిగ్రాం ఇచ్చాడు. ఆ మాటకి అతన్ని తప్పుపట్టడం సులభమే. కానీ తొమ్మిదేళ్ల వయసు నుంచీ ఆ జబ్బుని చూసినవాడు!

1921లో ‘ది కిడ్‌’ విడుదలైంది. తల్లిలాంటి ట్రాంప్‌ చేతుల్లోంచి పిల్లాణ్ని అనాథాశ్రమానికి లాక్కెళ్లే ఆ సినిమా ఎక్కణ్నుంచి పుట్టిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడాదే హన్నా అమెరికా చేరింది. మీరు మా చార్లీకి అమ్మ కదా అని ఇమిగ్రేషన్‌ అధికారి ముచ్చటపడితే, అవునంది... మీరు ఏసుక్రీస్తు కదా అని కూడా అంది! అధికారి మొహం మారిపోయింది. ఎలాగో గట్టెక్కించారు. అనుమతి మాత్రం తాత్కాలికమే, పొడిగించుకుంటూ పోవాలి. కొడుకుని దేశమంతా నెత్తిన పెట్టుకున్నా, తల్లి అక్కడ చివరిదాకా గడువు మీద ఉన్న అతిథే.

సముద్రం దగ్గర ఇల్లు, చూసుకోవడానికి నర్సు, తిరగడానికి కారు. బజారుకెళితే రంగురంగుల పట్టుబట్టలు కుప్పలుగా కొనేది. ఏం కావాలంటే అది కొననివ్వమన్నాడు కొడుకు. ఒకసారి నిప్పుకోళ్ల ఫారం చూడబోయారు. పొదగడానికి పెట్టిన గుడ్డు చూపిస్తే లాక్కుని, పాపం తల్లిపక్షికి దాని గుడ్డు దానికిచ్చెయ్యండంటూ లోపలికి విసిరేసింది. గుడ్డు ఢామ్మని పేలింది. అందరూ నవ్వుకున్నారు. వర్క్‌హౌస్‌ గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ మనిషి కదా, మనకి నవ్వు రాదు.

1928 ఆగస్టులో పిత్తాశయం జబ్బుతో గ్లెన్‌డేల్‌ ఆసుపత్రిలో చేర్చారు. చాప్లిన్‌ వెళ్లి పక్కన కూర్చుని జోకులు వేసి నవ్వించాలని చూశాడు. మర్నాడు, 28న, పనిలో ఉండగా కబురొచ్చింది. దహనం చేయిద్దామా అని అడిగితే వద్దన్నాడు. ఆమెను పచ్చటి నేలలోనే పడుకోబెట్టమన్నాడు. హాలీవుడ్‌ శ్మశానంలో హన్నా సమాధి ఇప్పటికీ ఉంది.